దుప్పట్ల కొట్లో చాక్లెట్ డెలివరీ

2014లో దుబాయ్‌లోని జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో ఒక గోదాముకి నన్ను డిస్పాచ్ సూపర్‌వైజర్‌గా వేశారు. ఎనిమిదో తరగతిలోనే బడికి సలాం కొట్టినవాణ్ణి, మెడలో బ్యాడ్జీ పడగానే లా కూడా వచ్చేసిందనుకున్నాను.

ఒప్పందాలు రాసేది విజయవాడ శైలజ గారు. ఏ ఒప్పందానికైనా మొదట్లో ముఖ్యమైన మాటలకి అర్థాలు రాసిన పేజీ ఒకటుంటుంది. పేచీ వస్తే చెల్లేది ఆ అర్థమే. మా గోదాము నుంచి కొట్లకి సరుకు పంపే చాక్లెట్ల వ్యాపారితో ఒప్పందానికి కూర్చున్నప్పుడు ఆవిడ, "డెలివరీ అంటే ఏమిటో చెప్పండి, రాసుకుంటాను" అన్నారు.

"అదీ రాయాలా మేడం? రేపు లారీకి చక్రాలుంటాయని కూడా రాస్తారేమో!" అన్నాను.

అందరూ నవ్వారు. మా ముదీర్, అంటే మేనేజరు, ఇంకా గట్టిగా నవ్వి ఆ పేజీ తీయించేశాడు.

దుబాయ్ పాత బజారు డేరాలో మధ్యాహ్నం చాలా కొట్లు కాసేపు మూసేస్తారు. అలాంటప్పుడు సరుకు పక్క కొట్లో దించి, వాళ్ల సంతకం తెచ్చుకోవడం డ్రైవర్ల అలవాటు. మావాళ్లకి ఆ విద్య నేర్పిన గురువుని నేనే. మా డ్రైవర్ కరీంనగర్ యాదగిరి ఆగస్టు ఎండలో, చాక్లెట్లు కొన్నవాడి కొట్టు మూసుందని, పెట్టెలన్నీ పక్కనున్న దుప్పట్ల కొట్లో దించొచ్చాడు. ఆ కొట్టాయన మహా మంచివాడు. వేడి తగలకుండా పైన దుప్పటి కూడా కప్పాడట. సాయంత్రానికి పెట్టెల నిండా పాయసమే.

వ్యాపారి డెలివరీ కానేలేదన్నాడు. ముదీర్, "తప్పు డ్రైవర్‌ది. ఖలాస్, వీసా క్యాన్సిల్" అన్నాడు.

యాదగిరి నా దగ్గరికొచ్చాడు. "అన్నా, నువ్వు చెప్పినట్టే చేసిన గద. సంతకం గూడ ఉన్నది. నాదెట్ల తప్పయితది?"

శైలజ గారిని వెంటబెట్టుకుని ముదీర్ గదికెళ్లాను. అతను తప్పు చేశాడనాలంటే ఒప్పేమిటో ఎక్కడైనా రాసుండాలి కదా, అన్నారావిడ. ముదీర్ నావైపు చూశాడు. నేను ఏసీవైపు చూశాను. చివరికి, రాయనివ్వనిదీ నేనే, పక్క కొట్లో దించమన్నదీ నేనే, పంపితే నన్నే ఇంటికి పంపండి అన్నాను.

యాదగిరి వీసా నిలిచింది. నష్టం గోదాము భరించింది. నాకు పడిన శిక్ష, శైలజ గారి ఎదురుగా కూర్చుని డెలివరీకి అర్థం చెప్పడం.

"సరుకు ఇచ్చేయడం" అన్నాను దర్జాగా.

"ఎవరికి? ఎక్కడ? ఎంత చల్లదనంలో? మూసుంటే?"

పూటంతా చెమటోడ్చితే మూడు వాక్యాలు తేలాయి. సరుకు కొన్నవాడి సొంత కొట్లోని చల్లగదిలో దించాలి. అతను పేరు రాసిచ్చిన మనిషే సంతకం పెట్టాలి. కొట్టు మూసుంటే లారీ సరుకుతో వెనక్కి రావాలి.

అందరికీ తెలుసులే అనిపించే మాటకే ముందు అర్థం రాయించాలి. మేం నవ్వుకుని పేజీ తీసేసిన రోజు ఆ మాట ప్రకారం సరుకు దించాల్సిన యాదగిరి ఆ గదిలో లేడు.