ఉప్పు నూతి నీళ్లు

శ్రీకాకుళంలో ఒక టెస్టింగ్ ల్యాబులో పనిచేసే రోజులవి. తుఫాను వస్తోందన్న కబురు ముదిరిన ఒక మధ్యాహ్నం నన్ను శ్రీకూర్మం అవతల ఉన్న ఒక చేపలవాళ్ల ఊరికి పంపారు. అక్కడ గట్టి కట్టడం ఒక్కటే, తుఫాను షెల్టరు. సాయంత్రానికి ఊరంతా అందులోకి చేరాలి. దాని పిల్లర్లలోని ఇనుప చువ్వలు ఎంత వేగంగా తుప్పు పడుతున్నాయో నేను కొలవాలి. ఇన్నేళ్లూ నిద్రపోయి, మబ్బు పట్టాక లేచారు మహానుభావులు.

పిల్లరును కాస్త చెక్కి చువ్వకు తీగ తగిలించాను. తడిపిన కాంక్రీటు మీద ఎలక్ట్రోడ్ ఆనించి పిసరంత కరెంటు పంపితే, ఏడాదికి ఎంత ఇనుము తుప్పుగా మారుతోందో మీటరు చెబుతుంది. నేను తెచ్చిన మంచినీళ్లు చాల్లేదు. చేపలమ్మే ఒక ముసలామె జాలిపడి, తన బిందెడు నీళ్లూ పిల్లరు మీద గుమ్మరించింది. ఒక చుక్క నాలుక మీద వేసుకుంటే ఉప్పు కషాయం.

"ఏటమ్మా ఇది? ఉప్పునీళ్లు పోస్తే కొలత పాడైపోదా?" అని విరుచుకుపడ్డాను.

ఆవిడ నొచ్చుకోలేదు. "మా నూతి నీళ్లే బాబూ. ఈ బిల్డింగు కట్టినప్పుడు సిమెంటు కలిపిందీ, గోడలు తడిపిందీ ఈటితోనే. నానే మోసాను" అంది.

అంటే ఉప్పు కాంక్రీటు లోపలే ఉంది. చువ్వలను మొదటి రోజు నుంచీ తింటోంది. నన్ను తెచ్చిన జీపు డ్రైవరు తాగే నీళ్ల సీసా లాక్కుని ఇంకో పిల్లరు తడిపి చూశాను. అంకె చెడ్డది. పక్కది ఇంకా చెడ్డది. మీటరును తిట్టాను, తీగలు బిగించాను, మళ్లీ చూశాను. మారలేదు. ఏడుపొచ్చింది. మా ఆఫీసరుకు ఫోన్ చేస్తే, "అది మూసేస్తే జనాన్ని ఎక్కడ పెడతాం? బస్సుల్లేవు" అని పెట్టేశాడు.

అప్పటికే జనం మూటలతో లోపలికి వస్తున్నారు. ముసలామె మనవరాలిని చంకనేసుకుని నా దగ్గర ఆగింది.

"ఏటి సెప్తన్నాది నీ మిషను?"

"ఏడాదికి ఎంత ఇనుము పోతోందో చెబుతుందమ్మా."

"ఏడాది ఎవుడిక్కావాల? ఈ రేతిరికి ఆగుతాదా, నేదా?"

దానికి ఏ మీటరులోనూ జవాబు లేదు. "ఆగుతాదమ్మా" అన్నాను. నా మాటను నేనే నమ్మలేదు.

ఆవిడ నా మొహంలోకి చూసింది. "అయితే నువ్వూ ఉండిపో."

బయట జీపు హారన్ మోగుతోంది. డ్రైవరును వెళ్లిపొమ్మని చెప్పి వచ్చాను. ధైర్యం కాదు, ఆవిడ చూస్తుండగా జీపెక్కే మొహం లేక. గాలి లేచింది. పిల్లరు పక్కనే చతికిలబడ్డాను. ఆవిడ పిల్లను నా ఒళ్లో కూర్చోబెట్టి, వెళ్లి తలుపు మూసింది.