కత్తెరాయన చూసినవి రెండూ

వీధిలో అందరూ ఆయన్ని కత్తెరాయన అనేవారు. ముప్పై ఏళ్లుగా ఒకే కొట్టు, ఒకే కుర్చీ. అద్దం పక్కన గోడకు టీవీ. రిమోటు ఎప్పుడూ ఆయన చొక్కా జేబులో, దువ్వెనతో పాటే ఉండేది. కుర్చీలో కూర్చున్న మనిషిని బట్టి వార్తల ఛానెలు మారేది. ప్రభుత్వం మీద మనసున్నవాడికి ఒకటి, ఆ పేరెత్తితే ఒళ్లు మండేవాడికి ఇంకొకటి. మెడకు తువ్వాలు చుట్టడం లాంటిదే ఇదీ, ఒక మర్యాద అనుకునేవాడు. గొంతు మీద కత్తి ఆడుతుండగా మనిషికి కోపం రాకూడదు కదా!

సోమవారం కండక్టరు వచ్చేవాడు. గురువారం కాంపౌండరు. ఇద్దరూ చిన్ననాటి నేస్తాలు. ఆదివారం మాత్రం కలిసే వచ్చి, గడ్డంతో పని లేకపోయినా బల్ల మీద మధ్యాహ్నం దాకా కబుర్లాడేవారు.

ఆ ఏడాది బస్సుల సమ్మె జరిగింది. సోమవారం కండక్టరు చూసిన ఛానెల్లో పోలీసుల లాఠీలు, నెత్తుటి తలలు. గురువారం కాంపౌండరు చూసిన ఛానెల్లో పగిలిన బస్సు అద్దాలు, దిక్కుతోచక ఏడుస్తున్న ప్రయాణికులు.

ఆదివారం బల్ల మీద రాజుకుంది.

"మీవాళ్లు రౌడీల్లా బస్సులు పగలగొడతార్రా?"

"ఎవడు పగలగొట్టాడ్రా? మావాళ్ల తలలు పగిలాయి! కట్లు కట్టే చేతులు నీవి, నీకూ కనబడలేదా?"

"కథలు చెప్పకు. ఒక్క తలైనా పగిల్తే టీవీలో చూపించరా?"

"అద్దాలు పగిల్తే చూపించరా?"

ఇద్దరూ ఒక్కసారే ఆయన వైపు తిరిగారు. "నువ్వు చెప్పు కత్తెరా! పొద్దస్తమానం టీవీ ముందే ఉంటావుగా!"

వీధి మొత్తంలో రెండూ చూసినవాడు ఆయనొక్కడే. నోరు తెరిచాడు. ఇద్దరూ పాత ఖాతాదారులే. మూసుకున్నాడు.

"నాకేం తెలుసన్నా, నా కళ్లెప్పుడూ గడ్డాల మీదే."

ఆ రోజు లేచిన ఇద్దరూ మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు. ఎదురైతే ఒకడు రోడ్డు దాటేవాడు. ఖాళీ బల్ల మీద దుమ్ము తుడిచినప్పుడల్లా కత్తెరాయనకు "కళ్లు గడ్డాల మీదే" అన్న తన మాటే చెవిలో జోరీగలా తిరిగేది.

నాలుగు నెలలు ఓర్చుకుని, ఒక పొద్దున సామాను సంచీ పట్టుకుని కండక్టరు ఇంటికి వెళ్లాడు. వసారాలో కూర్చోబెట్టి, మారుమాట్లాడనివ్వకుండా నురుగు రాసేశాడు.

"అన్నా, తలలు పగిలాయి. అద్దాలూ పగిలాయి. రెండూ చూశాను. ఏది ముందో మాత్రం ఏ ఛానెలూ చూపించలేదు."

కండక్టరు నురుగు ముఖంతోనే ఆయన వైపు తిరిగాడు. "ఆ రోజెందుకు చెప్పలేదు?"

"ఎవరో ఒకరు అలిగి పోతారని."

"పోయాంగా, ఇద్దరం."

కత్తి పక్కకు జారింది. ముప్పై ఏళ్లలో మొదటిసారి గాటు పడింది. కండక్టరు చెంప తుడుచుకుని, "వాడికి చెప్పావా?" అన్నాడు.

"ఇంకా లేదన్నా."

"అయితే వాడి దగ్గరికే పో. ఇక్కడ కూర్చుని నాకేం చెబుతావ్!"

నాలుగిళ్ల అవతలే కాంపౌండరు ఇల్లు. దారంతా మాట కూర్చుకుంటూ నడిచాడు: అన్నా, అద్దాలు పగిలాయి, తలలూ పగిలాయి... గుమ్మం మెట్టెక్కబోయి ఆగిపోయాడు. అక్కడ తలలు ముందు, ఇక్కడ అద్దాలు ముందు! చెయ్యి తనకు తెలియకుండానే చొక్కా జేబు మీదకు పోయింది. రిమోటు కొట్లోనే వదిలి వచ్చాడు. అయినా ఛానెలు మార్చేశాడు.

సిగ్గుతో చెవులు వేడెక్కాయి. వెనక్కి పోదామనుకునేలోపే తలుపు తెరుచుకుంది.

"ఏంటోయ్, ఇలా ఊడిపడ్డావ్?" అన్నాడు కాంపౌండరు.

"అన్నా," సంచీ కింద పెట్టాడు, "తలలు పగిలాయి."

కాంపౌండరు ముఖం గంటు పెట్టుకున్నాడు. అయినా తలుపు వేయలేదు. కత్తెరాయన రెండో మాట కోసం ఊపిరి పీల్చుకున్నాడు.