ఎర్రంచు రెక్కలు

మా ఆయనకు నాకంటే ముందే ఒకతె ఉందని పెళ్ళయిన కొత్తలోనే తెలిసింది. గన్నవరంలో విమానాలు దిగే మైదానం పక్కన, రేకుల షెడ్డులో ఉండేది. ఒకదానిమీద ఒకటిగా రెండు జతల రెక్కలు, ముందొకటి వెనకొకటి సీట్లు, పైకప్పు లేదు. ఒళ్ళంతా కర్రా గుడ్డా. "దీన్నేనా మీరు ప్రాణంగా చూసుకునేది?" అంటే ఆయన సిగ్గుపడ్డారు. పెళ్ళిపీటల మీద కూడా అంత సిగ్గుపడలేదు.

డెబ్బైల మొదట్లో మాట. అప్పటికే ఆ విమానానికి ఆయన నాలుగో యజమాని. మొదట ఒక జమీందారుగారిది. వేసవిలో కృష్ణ ఇసుకతిన్నెల మీద దించేవారట. తర్వాత మద్రాసులో విమానం నడపడం నేర్పేవాళ్ళ చేతికి వెళ్ళింది. అక్కడ చదువుకునే రోజుల్లో, ఇంట్లో చెప్పకుండా, ఈయన దాంట్లోనే నేర్చుకున్నారు. ఆ తర్వాత గుంటూరు పొగాకు వ్యాపారి ఒకాయన కొని గోడౌనులో పెట్టి, వచ్చిన చుట్టాలకు చూపించుకునేవాడు. కోళ్ళు దాని రెక్కలెక్కి పడుకునేవి. అది చూసి ఈయన మనసు ఊరుకోక తెచ్చేసుకున్నారు.

తెచ్చుకున్నారే గానీ ఎగరలేదు. అత్తగారు ఒట్టు వేయించుకున్నారు. ఆవిడ కొత్తకోడలుగా ఉన్నప్పుడు, రేవులో బట్టలు ఉతుకుతుండగా, ఇదే విమానం ఎదుటి ఇసుకలో బోర్లాపడింది. జమీందారుగారు బతికారు గానీ మళ్ళీ సరిగ్గా నడవలేదు. "నా తలమీద చెయ్యేసి చెప్పు, నేల విడవనని" అన్నారట ఆవిడ. ఒక్కగానొక్క కొడుకు, చెయ్యి వేసేశారు.

అందుకని ఆదివారం సాయంత్రాలు విమానం నేలమీదే పరుగెత్తేది. నేను కొంగు బిగించి ముందున్న పంకా ఒక్క విసురు తిప్పి పక్కకు దూకేదాన్ని. గడ్డి అంతా ఒకవైపుకు వాలిపోయేది. కాలవ మీంచి చల్లగాలి, కోసిన వరి వాసన, దూరమవుతూ సన్నబడిపోయే ఇంజను మోత... నిద్రలో ఉన్నానో మెలకువగా ఉన్నానో తెలిసేది కాదు. తోక పైకి లేచి, ఇక ఎగురుతుంది అనుకునే చోట ఆయన వేగం తగ్గించేసేవారు. నాకు ఏడుపొచ్చేది. ఆ ఒట్టు మీద నాకు ఒళ్ళు మండిపోయేది.

కొన్నాళ్ళకు రెక్కల గుడ్డ చీకిపోయింది. మంగళగిరి వెళ్ళి, ఒత్తయిన నేతతో, అంచు లేకుండా తెల్లగుడ్డ కావాలని మగ్గంవాళ్ళకు చెప్పొచ్చాం. రాత్రి భోజనాల దగ్గర ఆ మాట రాగానే అత్తగారి చేతిలో గరిటె ఆగిపోయింది.

"అంచులేని తెల్లగుడ్డా? అది ఎవరికి కప్పుతారో తెలుసా మీకు?"

"నాకు కాదమ్మా, రెక్కలకి."

"ఆ రెక్కల మధ్య కూచునేది ఎవర్రా?"

మర్నాడు ఆవిడే బస్సెక్కి మంగళగిరి వెళ్ళారు. గుడ్డ రెండు వేళ్ళ వెడల్పు ఎర్రంచుతో వచ్చింది. ఆయన తల పట్టుకున్నారు. ఆ అంచు కత్తిరించే ధైర్యం మా ఇద్దరికీ లేదు. అత్తగారు మొదటిసారి షెడ్డుకొచ్చి, ప్రతి ముక్క కొసలకూ పసుపు రాసి, మాతో పాటు కూర్చుని కుట్టారు. రెక్కల లోపలి పుల్లల్ని తడిమి చూసి, "లోపల ఏమీ లేదే పాపం" అన్నారు. ఎవరిని చూసి జాలిపడ్డారో నాకు అర్థం కాలేదు. పైన వెండిరంగు పూసినా ఎర్రంచు లీలగా కనబడుతూనే ఉంది. తనిఖీకొచ్చిన అధికారి గుడ్డ గట్టితనం చూసుకుని, అంచు చూసి నవ్వి, ఎగరొచ్చన్నాడు.

అధికారి వెళ్ళగానే అత్తగారు కొడుకుని పిలిచారు. "ఒట్టు తీసి గట్టుమీద పెట్టానురా. కాకపోతే నేనూ ఎక్కుతా."

"నువ్వెందుకమ్మా?"

"పడితే ఇద్దరం పడదాం. ఆనాడు రేవులోంచి చూసింది చాలు, మళ్ళీ కిందుండి చూడ్డం నావల్ల కాదు."

ముందు సీట్లో ఆవిడ, వెనక సీట్లో ఆయన. మాట్లాడుకోవడానికి మధ్యన ఒక రబ్బరు గొట్టం. పంకా నేనే తిప్పాను. ఎప్పుడూ ఆగే చోట ఆగకుండా విమానం నేల వదిలేసింది. ఎర్రంచు రెక్కలు చెరుకుతోటల మీదుగా, కాలవల మీదుగా నదివైపు పోయి, చిన్నవై కనబడకుండా పోయాయి. అంత నిశ్శబ్దం నేను మళ్ళీ వినలేదు. ఇద్దరూ పైనున్నారు, నేనొక్కదాన్నీ కింద.

దిగుతున్న అత్తగారికి చెయ్యి అందించాను. "ఏం కనబడింది అత్తయ్యా?" అని ఆత్రంగా అడిగాను.

"ఏం చూశానే! వాడు వెనకాల. తిరిగి చూద్దామంటే పటకాలతో కట్టేశాడు. ఉన్నాడో లేడోనని గొట్టంలో పిలుస్తూనే ఉన్నా."

పిలిచినప్పుడల్లా ఆయన "ఉన్నానమ్మా" అన్నారట.

గట్టుమీద పెట్టిన ఒట్టును ఆవిడ మళ్ళీ ముట్టుకోలేదు. విమానం తర్వాత బొంబాయివాళ్ళకు, ఐదో యజమానికి వెళ్ళిపోయింది. ఎన్నో ఏళ్ళకు అత్తగారు మంచం పట్టి, గోడవైపు తిరిగి పడుకుని, "ఒరేయ్, ఉన్నావా?" అనేవారు. ఆయన వెనక కుర్చీలో కూర్చుని "ఉన్నానమ్మా" అనేవారు. ఆ చివరి మధ్యాహ్నం ఆవిడ పిలవడం ఆగిపోయాక కూడా ఆయన చాలాసేపు ఆ మాట అంటూనే ఉన్నారు.