ఏడు గోల్సు, ఒక పుంగనూరు ఆవు

మదనపల్లెలో మా ఫుట్‌బాల్ క్లబ్బుకు నేను గోల్ కీపర్ని. పరుగెత్తడం చేతకానివాణ్ని నిలబడే చోట పెట్టాలన్నది మా కార్యదర్శి సిద్ధాంతం. ఆయన హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. ఆయన మెడలోని విజిల్ మాత్రం రిటైర్ కాలేదు, పెళ్లిళ్లకు కూడా దాన్ని వేసుకునే వచ్చేవాడు. నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. పగలు మా నాయన బట్టల కొట్లో గుడ్డ కొలిచేవాణ్ని, సాయంత్రం మైదానంలో బంతులు వదిలేసేవాణ్ని.

అవి డెబ్బైల చివరి రోజులు. మా ఆట చూసేవాళ్లు ఆడేవాళ్లకంటే తక్కువ. ఆ కాస్త మందిలోనూ సగం మంది ఆట కోసం వచ్చినవాళ్లు కారు. మైదానం మధ్యగా పోతే బస్టాండు దగ్గర. ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని పోయేవాళ్లు మేము గోలు కొడుతుంటే ఒక్క నిమిషం ఆగి, బస్సు గుర్తొచ్చి మళ్లీ నడిచేవాళ్లు. మాస్టారు వాళ్లను కూడా ప్రేక్షకుల కింద జమకట్టేవాడు.

క్లబ్బుకు ఉన్నది ఒకే బంతి. దాన్ని ఎన్నోసారో బాగుచేయించడానికి తీసుకెళితే, చెప్పులు కుట్టే ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, ఇందులో ఇంక తోలు లేదు, కుట్లే ఉన్నాయి అని తిరిగి నా చేతిలో పెట్టాడు. ఆ ఆదివారం మాస్టారు మమ్మల్నందరినీ కూర్చోబెట్టి విజిల్ ఊదాడు. జనం రావాలి, వాళ్లు డబ్బులివ్వాలి, లేకపోతే క్లబ్బు మూసేసి అందరం చెడుగుడు ఆడుకోవచ్చునన్నాడు. చెడుగుడుకు బంతి అక్కర్లేదు కదా అని మా సెంటర్ ఫార్వర్డ్ సంతోషపడ్డాడు.

మొదటి ఆలోచన మాస్టారుదే. మైదానం చుట్టూ గుంజలు పాతి, గోనెపట్టాలు కట్టి, టికెట్టు పెట్టాలన్నాడు. వారం రోజులు పట్టాలు కుట్టాం. ఆట రోజున టికెట్టు కొని లోపలికి వచ్చినవాళ్లు నలుగురు. అందులో ఒకాయన మాస్టారు బావమరిది. మదనపల్లెలో గుట్టలకు కొదవ లేదు. మైదానం పక్కనే ఒకటుంది. దాని బండల మీద ఊరు ఊరంతా వచ్చి కూర్చుంది. ఉచితంగా చూపించినన్నాళ్లూ ఇటు తిరిగి చూడనివాళ్లు, దాచిపెట్టేసరికి పిల్లాజెల్లాతో ఎక్కారు. మాస్టారు నా చేతికి టికెట్ల పుస్తకమిచ్చి గుట్ట మీదికి తోలాడు. రొప్పుకుంటూ ఎక్కి అడిగితే ఒక పెద్దమనిషి బండ మీద కాళ్లు చాపుకుని, "మేము ఆ ఎదురు కొండను సూస్తాండామప్పా. మద్దెలో మీ ఆటే మాకు అడ్డమొస్తాండాది" అన్నాడు.

రెండో ఆలోచన ప్రచారం. సినిమా హాలు తరఫున జట్కాలో మైకు పెట్టుకుని ఊరంతా తిరిగే మనిషి ఒకాయన ఉండేవాడు. ఆయనకు తెలియని వీధి లేదు, ఇల్లు లేదు. తెలియనిది ఫుట్‌బాల్ ఒక్కటే. అది ఆయనకు అడ్డం కాలేదు. ఒళ్లు గగుర్పొడిచే పోరాటాలు, కన్నీరు పెట్టించే సన్నివేశాలు, కుటుంబ సమేతంగా చూసి ఆనందించండి అని రెండు రోజులు అరిచాడు. కుటుంబాలు నిజంగానే వచ్చాయి. వచ్చి, ఆట అయిపోయాక కూడా లేవలేదు. సినిమా అయితే మూడు గంటలు, మీరు సగంలో ఆపితే ఎట్లా అని గొడవ. మాస్టారు భయపడి మాతో ఇంకో గంట ఆడించాడు. ఆ గంటలో మా వాడొకడు అలిసిపోయి, అవతలివాడి చొక్కా పట్టుకున్నాడు. ఆ రోజుకు చప్పట్లు పడింది దానికొక్కదానికే.

మూడో ఆలోచన నాది. లాటరీ పెడదామన్నాను. ప్రతి టికెట్టుకూ ఒక నంబరు, గెలిచినవాడికి పుంగనూరు ఆవు. నడుమెత్తు కూడా ఉండదు, తోక నేలకు తగులుతుంది, పాలు మాత్రం వెన్నలా ఉంటాయి. ఆ ఆవంటే మా వైపు ఎవరికైనా మోజే. మాస్టారు మొదటిసారి నన్ను గౌరవంగా చూశాడు.

ఇద్దరం బస్సెక్కి పుంగనూరు వెళ్లాం. ఊరి బయట ఒక రైతు ఇంట్లో తెల్లటి ఆవు దొరికింది. రైతు అరుగు మీదే కూర్చున్నాడు కానీ, ఆ ఇంట్లో ఆవుల సంగతులు ఆయన భార్యవి. ఆయన తల ఊపడం వరకే. ఆమెకు యాభై ఏళ్లుంటాయి. మా లాటరీ సంగతంతా విని, ధర దగ్గర బేరమాడలేదు. ఆమె పేచీ వేరే.

"ఎవురికి తగిలితే వాళ్లకంటే ఎట్లప్పా? వాళ్లకు గడ్డి ఉండాదో లేదో మీకేం తెలుసు? నేనూ ఆవుతో వస్తా. మనిషిని సూసి నచ్చితేనే పలుపు చేతికిస్తా."

మాస్టారు సరేనమ్మా అన్నాడు. ఆవు దొరికిన సంబరంలో ఆయన ఆమె మాట సగం కూడా వినలేదు.

ఆట కుప్పం వాళ్లతో పెట్టుకున్నాం. అది మరో తెలివితక్కువ పని. కుప్పం జట్టులో కోలారు గనుల వైపు నుంచి వచ్చి ఆడేవాళ్లుండేవారు. ఆ వైపు పిల్లలు నడవడానికి ముందే బంతి తంతారని చెప్పుకునేవాళ్లం. ఆ రోజు జనం మాత్రం విరగబడ్డారు. టికెట్లు అయిపోతే మాస్టారు నోటు పుస్తకం కాగితాలు చించి నంబర్లు వేసిచ్చాడు. ఆవును మైదానం పక్కన నీడలో కట్టేశాం. జనమంతా దానికేసి తిరిగి, మా వైపు వీపులు పెట్టి కూర్చున్నారు.

మొదటి సగంలోనే నాకు ఏడు గోల్సు పడ్డాయి. ఒక్కరూ చూడలేదు. గోల్ కీపరుగా అంత ప్రశాంతమైన రోజు నాకు మళ్లీ దొరకలేదు.

హాఫ్ టైంలో చీటీ తీశారు. గెలిచింది కుప్పం నుంచి తమ జట్టు వెంట వచ్చిన ఒక రైల్వే గ్యాంగ్‌మ్యాన్. సన్నగా, పొడుగ్గా, బిత్తరపోయి ముందుకొచ్చాడు. పుంగనూరామె ఆయన్ను ఎగాదిగా చూసి, చేను ఉందా అని అడిగింది. లేదు, రైల్వే క్వార్టర్సులో ఉంటానన్నాడు.

"మరి గడ్డి యాడిది?"

"పట్టాల పక్కన బోలెడంత ఉండాది గదమ్మా."

అంతే. ఆమె గుంజకు కట్టిన పలుపు విప్పి తన చేతికి రెండు చుట్లు చుట్టుకుంది. రైలు పట్టాల మీద మేపేవాడికి ఆవునివ్వనని, మీ డబ్బులు మీరు తీసుకోండని చెప్పేసింది. మాస్టారు విజిల్ ఊదాడు కానీ అది ఆవు మీదా, ఆమె మీదా ఎవరి మీదా పనిచేయలేదు. జనం రెండుగా చీలిపోయారు. గెలిచినవాడిది గెలిచినవాడికే అని సగం మంది, నోరులేనిదాన్ని రైలు కింద పెడతారా అని సగం మంది. మైకు మనిషి ఆ గొడవను అలాగే మైకులో చెప్పడం మొదలుపెట్టాడు. ఎవరేమన్నారో, ఎవరు కండువా విసిరేశారో అంతా. గుట్ట మీదున్నవాళ్లు కూడా దిగి వచ్చారు.

చివరికి దారి కూడా ఆమే చూపించింది. ఆవు చూలుతో ఉంది. ఆవు నా దగ్గరే ఉంటుంది, దూడ పుడితే నీది, నీకు గడ్డి దొరికిన రోజున వచ్చి తోలుకుపో అంది. గ్యాంగ్‌మ్యాన్ ఆ మాటకు ఎంత తేలికపడ్డాడంటే, రెండు చేతులూ జోడించేశాడు. ఆవుతో ఇంటికి పోతే పెళ్లాం తననూ దాన్నీ ఒకే గుంజకు కట్టేస్తుందని తర్వాత నాతో చెప్పాడు.

తగువు తీరగానే మైదానం ఖాళీ. రెండో సగం ఉందని మాస్టారు అరుస్తున్నా ఎవరూ వినలేదు. మిగిలింది పుంగనూరామె. ఆవును తెచ్చిన లారీ ఆటయ్యేదాకా రాదు. ఆమె, ఆమె పక్కన మైకు మనిషి, వాళ్ల మధ్య ఆవు. ఆ ముగ్గురి కోసం మిగతా ఆట ఆడాం.

అయిపోయాక మాస్టారు ఆమె పక్కన చతికిలబడ్డాడు. ఆయన ముఖం చూసి ఆమెకు జాలేసిందేమో, ఆట బాగానే ఉందంది. తర్వాత ఆమె చెప్పిన మాట మా క్లబ్బును ఆరేడేళ్లు నిలబెట్టింది.

"ఎవురు మనోళ్లో ఎవురు కుప్పమోళ్లో తెలీలేదు అయివారూ. అందురూ తెల్ల బనీన్లే. ఈయప్ప పక్కన కూసోని వాడు ఎవురి కొడుకు, వీడు ఎవురి కొడుకు అని చెప్తాంటే అప్పుడు బాగుండింది. పరిగెత్తేటోడు ఎవురి బిడ్డో తెలిస్తే కదా, వాడు పడితే అయ్యో అనేది."

ముప్ఫై ఏళ్ల డ్రిల్లు చదువులో మాస్టారుకు ఈ పాఠం ఎవరూ చెప్పినట్టు లేదు. మీ ఆట మా సంతలో పెట్టండి, ఆడైతే జనాన్ని పిలిచే పని లేదు అని కూడా ఆమె చెప్పి, లారీ రాగానే ఆవుతో సహా ఎక్కి వెళ్లిపోయింది.

తర్వాతి ఆట పుంగనూరు సంత రోజున, పశువుల సంత పక్కనున్న బయల్లో. గోనెపట్టాలు లేవు, టికెట్టు లేదు, ఇష్టమైతే వేయండని ఒక డబ్బా. మైకు మనిషికి ఆ రోజు తన పని దొరికింది. బంతి ఎవరి కాలికి తగిలితే వాడి ఊరు, ఇల్లు, తండ్రి, మేనమామ అన్నీ బయటికొచ్చేవి. మా ఎడమవైపు ఆడేవాడి తండ్రి పశువుల వ్యాపారి అని చెప్పగానే గుంపులోంచి ఒక రైతు లేచి, మీ నాయన నాకమ్మిన ఎద్దు కూడా నీ మాదిరే ఎడమకే పోతాందిరా అన్నాడు. నవ్వులు ఆగాక వాడు బంతి పట్టుకుంటే సంతంతా వాడి వెంట కేకలేసింది. వాడు జన్మలో అంత బాగా ఆడలేదు.

నా వంతు వచ్చింది. గోలు కాస్తున్నది మదనపల్లె బజారు వీధి బట్టల కొట్టాయన రెండో కొడుకు, పదో తరగతి రెండు సార్లు రాశాడు, వారి వద్ద చీరలు పంచెలు సరసమైన ధరలకు లభించును అని మైకులో వినిపించింది. నేను గోలు పోస్టు వెనక దాక్కుందామనుకున్నాను. అది దాక్కునేంత లావు లేదు.

సంతకు వచ్చినవాళ్లు మరుసటి వారం కొట్టుకు వచ్చి, మైకులో చెప్పిన కొట్టు ఇదేనా అని అడిగారు. ఆ సాయంత్రం మా నాయన పిలిచాడు. చీవాట్లకు సిద్ధపడి వెళ్లాను. ఆయనకు ఫుట్‌బాల్ అంటే చెప్పులరిగే పని. తలెత్తకుండా, "పంచెల సంగతి కూడా చెప్పినాడా, చీరలు మాత్రమేనా?" అని అడిగాడు. పంచెలు కూడా అన్నాను. తువ్వాళ్లు కూడా చెప్పమన్నాడు.

తెల్ల బనీన్ల సంగతి కూడా ఆయనే తీర్చాడు. రెండేళ్లుగా ఎవరూ ముట్టుకోని రాణి రంగు గుడ్డ తానులు కొట్లో పడున్నాయి. వాటితో పదకొండు మందికీ చొక్కాలు కుట్టించాడు. ఎర్రమట్టి మైదానంలో మేము పెళ్లికి వెళుతున్న పేరంటాళ్లలా ఉండేవాళ్లం. కానీ మైలు దూరం నుంచైనా ఎవరు మావాళ్లో తెలిసేది. ఒక కొట్టు పేరు మైకులో వచ్చేసరికి మిగతా ఆటగాళ్ల తండ్రులకు కుళ్లు పుట్టింది. నూనె కొట్టు, స్టీలు సామాన్లు, హోటలు, అందరూ తమ పేరు కూడా చెప్పించమని మాస్టారు ఇంటికొచ్చారు. ఊరికే చెప్పరని మాస్టారు నేర్చుకున్నాడు. క్లబ్బుకు మూడు బంతులొచ్చాయి.

మా నాయన ఆటకు రావడం మొదలుపెట్టింది తువ్వాళ్ల గురించి చెబుతున్నాడా లేదా వినడానికే. ఆ సంగతి నాకు తెలుసు. నా గోలు పోస్టు పక్కన స్టూలు వేసుకుని కూర్చునేవాడు. మొదటి రోజు నేను రెండు గోల్సు వదిలాక, "నిన్ను బంతి పట్టుకునేదానికి పెట్టినారా, దావ ఇచ్చేదానికా?" అన్నాడు. ఆ మాటకు సిగ్గేసింది కానీ, లోపల ఎక్కడో బాగుండింది కూడా. అప్పటిదాకా నేను చేసే పని ఏదీ ఆయన కూర్చుని చూడలేదు. నాలుగో ఆటకు ఆయన కొట్టు మధ్యాహ్నమే మూసేశాడు. తువ్వాళ్ల ఊసు మైకులో రాకపోయినా గమనించలేదు.

గ్యాంగ్‌మ్యాన్ పుంగనూరులో ఆట ఉన్న ప్రతిసారీ ఆవును చూసే నెపంతో వచ్చేవాడు. పెయ్యదూడ పుట్టింది. దాన్ని తోలుకుపోలేదు, వచ్చినప్పుడల్లా దానికి బెల్లం పెట్టి వెళ్లేవాడు. పుంగనూరామె ఆయనకు అన్నం పెట్టి పంపేది.

ఎనభైల్లో ఒక ఏడాది ఆయనే మమ్మల్ని కుప్పం పిలిపించాడు. క్వార్టర్స్‌లో ఉన్నవాళ్లందరినీ తెచ్చి కూర్చోబెట్టాడు. అక్కడ మూడు భాషల జనం. మైకు మనిషి తెలుగులో చెబితే ఈయన పక్కన నిలబడి అరవంలో చెప్పేవాడు, మా వంశాల గురించి తోచింది కలుపుకుంటూ. ఆ రోజు అరవం వచ్చినవాళ్లందరూ మా సెంటర్ ఫార్వర్డ్‌ను పుంగనూరు జమీందారు మనవడనుకున్నారు. వాడి తండ్రికి సైకిల్ షాపు.

ఆ ఆటలో కుప్పానికి పెనాల్టీ వచ్చింది. కొట్టేవాడు గనుల వైపు మనిషి, వాడి పిక్కలు చూస్తేనే నాకు నీరసం వచ్చింది. కుడివైపు దూకాలనుకున్నాను, కాలు జారి ఎడమవైపు పడ్డాను, బంతి వచ్చి నా ముక్కుకు తగిలి బయటికి పోయింది. మేము నాలుగు గోల్స్ తేడాతో ఓడిపోయాం కానీ, ఆ ఒక్కదానికి కుప్పం వాళ్లు కూడా లేచి నిలబడ్డారు.

తిరుగు బస్సులో మా నాయన పక్క సీటు మనిషికి ఆ సంగతి చెప్పాడు. తర్వాత ముందు సీటాయనకు, తర్వాత కండక్టరుకు. చెప్పిన ప్రతిసారీ నేను కాస్త ఎత్తు ఎగిరాను. పలమనేరు వచ్చేసరికి గోలు పోస్టు పై కర్ర దాకా వెళ్లాను. కాలు జారిందని నేను చెప్పలేదు. ముక్కు వాచి ఊపిరాడక నోరు తెరుచుకుని కూర్చున్నాను. పలమనేరులో టీ తాగి ఎక్కాక ఆయన తన కిటికీ పక్క సీటు నాకిచ్చి, ముక్కుకు గాలి తగలనీ అని ఇవతలికి జరిగి కూర్చున్నాడు.