మద్దిపొదలకు కట్టిన గులాబీ గుడ్డ

2011 వానాకాలంలో నన్ను మహబూబాబాద్ నుంచి భూపాలపల్లి అడవులకు సెక్షన్ ఆఫీసరుగా వేశారు. బీట్ ఆఫీసర్ల మీద పెత్తనం, రేంజి ఆఫీసరుకు సంజాయిషీ, అదీ నా హోదా. నా సెక్షన్‌లో నల్లమద్ది పొదలుండేవి. వాటి ఆకు మీద ఊరివాళ్లు దసలి పట్టుపురుగులను పెంచేవారు.

ఆ ఏడు పట్టుపురుగులు ఎక్కించని ఖాళీ పొదల మీద మేమెన్నడూ చూడని బొచ్చుపురుగు దిగింది. ఆకులో ఈనెలు మాత్రం మిగిల్చి నమిలేసేది. పక్కనే పట్టుపురుగులుండగా రసాయన మందు కొట్టలేం. వేపగింజల పొడిని మూటగట్టి నానబెట్టి, పిండి, వడగట్టి, ఆకుకు అంటుకోవడానికి కాస్త సబ్బుపొడి కలిపి, ఎండ తగ్గాక కొట్టించాను. వేప తగిలిన ఆకును పట్టుపురుగూ ముట్టదు. అందుకని కొత్త చిగురు వచ్చేదాకా ఎవరూ అటు రాకుండా పొదలకు గుడ్డపేలికలు కట్టించాను. ఉద్యమం రోజులు కదా, దర్జీ దగ్గర జెండాలు కుట్టగా మిగిలిన గులాబీ గుడ్డే దొరికింది.

నాలుగో రోజు సారక్క వచ్చింది. భర్త పోయాక పట్టుగూళ్ల మీదే ఇల్లు నడుపుకుంటున్న మనిషి. పురుగులు చెట్టెక్కితే కూరలో పోపు కూడా పెట్టదు. ఆ వాసన వాటికి పడదని ఆ ఇంటి నియమం.

"సారూ, నా పిల్లలు నిన్నటి సంది ఆకు ముడ్తలేవు" అంది.

వెళ్లి చూస్తే పురుగులన్నీ గులాబీ పేలికల మధ్యే ఉన్నాయి. పాత పొదల ఆకు అయిపోతే ఇక్కడికి మార్చిందట. గుర్తు కనపడలేదా అని గద్దించాను.

"కనవడ్డది సారూ. తెలంగాణ గుడ్డ గద! సారు సుత మనోడే, చెట్లకు గూడ జెండా గట్టిండని మురిసిన. గా పొదలే మంచియనుకున్న."

గుమ్మాలకూ ఎడ్ల కొమ్ములకూ ఆ గుడ్డే కట్టుకున్న ఊళ్లో దాన్ని ప్రమాద సూచన అనుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. సిగ్గేసింది. తప్పు నాదేనని అక్కడే ఒప్పుకున్నాను.

ఇద్దరం పురుగులున్న కొమ్మలను కత్తిరించి, మందు తగలని పొదలకు మార్చడం మొదలుపెట్టాం. "జర మెల్లగ సారూ, పసిగుడ్డును వట్టినట్టు వట్టాలె" అని నేర్పింది. కొన్ని అప్పటికే రాలిపోయాయి. పొద్దు వాలుతుండగా, చప్పుడు చేయొద్దని సైగ చేసింది. ఆకుల్లో సన్నగా కొరుకుతున్న శబ్దం. తింటున్నాయి! ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. నాకూ కళ్లు చెమర్చాయి.

చిగురు వచ్చాక పేలికలు విప్పబోతే అడ్డుకుంది. "ఉండనియ్యి సారూ, తెలంగాణ వచ్చెదాంక." ఉండనిచ్చాను.

ఆ తర్వాత ఉద్యోగ విరమణ దాకా, మందు కొట్టించే ముందు ఇంటింటికీ వెళ్లి నోటితోనే చెప్పాను. గుర్తును నమ్ముకుని ఊరుకోలేదు.