గిన్నెలో చూపించడానికి ఒక గడ్డ

మొన్న పటమటలో ఒక హాల్లో మా పాత ఆసుపత్రిలో మెదడు ఆపరేషన్లు చేసిన పెద్ద డాక్టరుగారికి సన్మానమట, రమ్మని కార్డు వచ్చింది. శాలువాలు కప్పించుకోవడంలో ఆయనకున్న ఓపిక రోగి మాట వినడంలో నేనెన్నడూ చూడలేదు గనుక వెళ్లలేదు. మా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో బెజవాడలో ఆపరేషన్ అవగానే థియేటర్ తలుపు ఓరగా తెరిచి, తీసిన గడ్డను స్టీలు గిన్నెలో పెట్టి బంధువులకు చూపించే ఆనవాయితీ ఉండేది. గిన్నె నిండుగా ఉంటే డాక్టరు దేవుడు, అడుగున కాస్త కనిపిస్తే అసలేమైనా తీశాడా అన్న అనుమానం.

నేను చెవి, ముక్కు, గొంతు డాక్టరుని, అంటే పెద్ద డాక్టరుగారి లెక్కలో గుబిలి తీసేవాణ్ణి. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో భవానీపురంలో ఉండే మా పిన్నికి చూపు రెండు పక్కల నుంచీ మూసుకుపోతూ వచ్చింది. ఎదురుగా ఉన్నవాళ్లు కనిపించేవారు, పక్కన నిలబడ్డ బాబాయి కనిపించేవాడు కాదు. అదేమంత నష్టం కాదుగానీ, స్కానింగ్ చేయిస్తే పుర్రె అడుగున, ముక్కుకు సరిగ్గా వెనక, కంటి నరాలను నొక్కుతున్న గడ్డ బయటపడింది. ముక్కులోంచి వెళ్తే మెదడును కదిలించే పని లేదు. నుదుటి ఎముక తెరిచి వెళ్తే మెదడును పైకెత్తి పట్టుకోవాలి, దాని కింద సన్నటి దారాల్లా ఉండే వాసన నరాలు తెగిపోతే మళ్లీ అతకవు. దారి నేను తెరిచిపెడతాను, గడ్డ మీరు తీయండి అని పెద్ద డాక్టరుగారిని బతిమాలాను. ఆయనకు ఆ పని రాక కాదు, చదువుకునేటప్పుడు చేసినవాడే.

“ముక్కులోంచి గీకి గీకి తీస్తే, బయట నిలబడ్డవాళ్లకు ఏం చూపిస్తావయ్యా, చీమిడా?” అన్నాడు మహానుభావుడు.

మా బాబాయి ఆయన్ని మించినవాడు. ఆటోనగర్‌లో స్పేర్‌పార్టుల షాపు. ఇంజను కిందికి దించకుండా లారీ బాగుచేస్తానన్న మెకానిక్కును జన్మలో నమ్మలేదు. తల విప్పకుండా తలలో జబ్బు ఎట్లా పోతుందిరా అని నన్నే కసిరాడు. పిన్ని నా వైపే చూస్తూ కూర్చుంది, నీకేది ఇష్టమని ఆమెను అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

తల విప్పారు. గిన్నె వచ్చింది. అందులో సగానికి సగం పేరుకున్న రక్తమే, అయినా బాబాయి ఉసిరికాయంత గడ్డ అని పటమట దాకా చెప్పుకు తిరిగాడు. చూపు తిరిగొచ్చింది, కాదనను. కట్టు విప్పిన కొన్నాళ్లకు పిన్ని పొయ్యి పక్కనే నిలబడి ఉండగా పాలు మాడి ఇల్లంతా కమురు కంపు కొట్టింది, ఆమె అలాగే నిలబడి కూర తరుగుతోంది. ఆ సంగతి చెబితే పెద్ద డాక్టరుగారు, చూపొచ్చింది కదమ్మా, ఇంకా వాసనలతో ఏం పని అని నవ్వాడట. అంత చదువు చదివి మనిషి అనేవాడు అనే మాటేనా అది!

తర్వాత పిన్నికి మనవరాలు పుట్టింది. స్నానం చేయించి సాంబ్రాణి పొగ వేసిన పసిదాని నడినెత్తికి ముక్కు ఆనించి పిన్ని చాలాసేపు ఉండిపోయింది. నేను అక్కడే ఉన్నాను. తలెత్తి, “ఎట్లా ఉందిరా? నువ్వు చెప్పు” అంది.

వంగి చూసి, పాల వాసన, సున్నిపిండి వాసన అని ఏదో చెప్పాను. ఊఁ అంటూ వింది, మళ్లీ అడిగింది, మళ్లీ చెప్పాను.

ఇప్పుడు ఇదే ఊళ్లో నిన్నగాక మొన్న వచ్చిన కుర్ర డాక్టర్లు అలాంటి గడ్డలను ముక్కులోంచే తీస్తున్నారు, జనం నుదుటి మీద గాటన్నది లేకుండా ఇళ్లకు వెళ్లి ఎప్పటిలా కాఫీ వాసన చూసుకుంటున్నారు. ఎంత సంతోషమో, అంత కడుపుమంట నాకు. మా పిన్ని ఆ పిల్ల తల వాసన నా నోట వినడమే తప్ప, తానెరగకుండానే పోయింది.