సర్జన్ విప్పిన కార్డు

మా జిరాక్స్ షాపుకు పక్కనే కంప్యూటర్ రిపేరు షాపు ఉంది. దాని యజమానిని వీధి వీధంతా సర్జన్ అంటుంది. ముద్దుకు కాదు. జలుబు చేసిందని వెళ్ళినా పొట్ట కోసి చూసే రకం కాబట్టి. ఆయన మాత్రం అదేదో బిరుదనుకుని మురిసిపోతాడు.

ఆయనకో పద్ధతి ఉంది. మెషిన్ని విప్పే ముందు మనిషిని విప్పాలంటాడు. కస్టమర్‌ని బల్ల ముందు నిలబెట్టి, అందరి ఎదుటా విచారణ చేస్తాడు. తప్పు ఒప్పుకున్నాకే స్క్రూడ్రైవర్ అందుకుంటాడు. పనైపోతే చాలని చెయ్యని తప్పులు ఒప్పుకున్నవాళ్ళను ఎంతమందిని చూశానో.

ఒకరోజు ఆ బల్ల ముందుకు సొంత కోడలే వచ్చింది. ఆ పిల్ల ఇంట్లో కూర్చుని పిల్లల పాఠాలకు కదిలే బొమ్మలు చేస్తుంది. కొత్త కంపెనీవాళ్ళు, మొదటి పాఠం శుక్రవారానికి పంపితేనే ఉద్యోగం ఖాయం అన్నారు. సరిగ్గా అప్పుడే ఆమె కంప్యూటర్‌లో బొమ్మలు వేసే గ్రాఫిక్స్ కార్డు, ఏ పనీ చెయ్యకుండా ఊరికే ఉన్నప్పుడు కూడా డెబ్భై డిగ్రీలకు కాగడం మొదలుపెట్టింది.

"దుమ్ము పట్టించావా? నిజం చెప్పు."

"లేదు మామయ్యగారూ. మొన్ననే దులిపాను."

"మరి దానంతటదే జ్వరం తెచ్చుకుందా?"

షాపులో ఉన్న ఒకే ఒక్క స్క్రీన్‌కు తగిలించి చూస్తే వేడి నలభైకి దిగింది. "నా చెయ్యి పడిందంటే అంతే" అని పంపించేశాడు. ఇంట్లో ఆన్ చేస్తే మళ్ళీ డెబ్భై. సర్జన్‌కు తల కొట్టేసినట్టయింది. మర్నాడు పొద్దున్నే ఆమెకు చెప్పకుండా కంప్యూటర్ డబ్బాను షాపుకు మోసుకొచ్చాడు. ఆమె వెనకాలే పరుగున వచ్చింది. షాపులో అప్పటికే నలుగురు కస్టమర్లున్నారు. కాగితాల కట్ట పట్టుకుని నేనూ గుమ్మంలో ఉన్నాను.

"విప్పకండి మామయ్యగారూ. ఇంట్లో నేను రెండు స్క్రీన్లు పెట్టుకున్నాను కదా. కొత్తది స్పీడుది, పాతది మామూలుది. రెంటికీ పొత్తు కుదరక కార్డు ఊరికే పరిగెడుతోందేమో. రెండూ ఒకే స్పీడుకు పెట్టి ఒక్కసారి చూస్తాను."

"రెండు కళ్ళుంటే తలకాయ వేడెక్కుతుందా అమ్మాయ్? మీ ఆయనకీ రెండున్నాయి, ఒకటి పీకేద్దామా?"

అందరూ నవ్వారు. ఆమె మొగుడూ అక్కడే ఉన్నాడు. వాడూ నవ్వాడు.

పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేసినట్టు, కార్డు మొత్తం విప్పి పెట్టాడు. చిప్పు మీద వేడిని లాగేందుకు పూసిన పాత పేస్టు గీకి, కొత్తది పూశాడు. అంతవరకూ బాగానే ఉంది. తిరిగి బిగించేటప్పుడు స్క్రూలను ఎదురెదురుగా, కొద్దికొద్దిగా తిప్పాలి. ఈయన కోడలి తెలివి గురించి నలుగురికీ కథ చెబుతూ, ఒక పక్కవన్నీ ముందే బిర్రుగా బిగించేశాడు. టక్కుమని చిప్పు మూల చిట్లింది. ఆ చప్పుడు నాకూ వినిపించింది, ఆమెకూ వినిపించింది. ఆన్ చేస్తే స్క్రీన్ నల్లగా ఉండిపోయింది.

"ఇన్నాళ్ళూ కాల్చావుగా. ఎప్పుడో చచ్చిపోయింది ఇది" అన్నాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు.

ఆమె మొగుడి వైపు చూసింది.

"నాన్న మీద పెట్టకు. నీ వస్తువు నువ్వు చూసుకోవాలి" అన్నాడు వాడు.

శుక్రవారం వచ్చింది, వెళ్ళింది. కంపెనీ ఇంకొకరిని పెట్టుకుంది. ఇంట్లో ఆమె పనిచేసుకునే బల్ల ఖాళీగానే ఉంది కదా అని, సామాను పెట్టుకోవడానికి సర్జన్ షాపుకు తెచ్చుకున్నాడు.

ఆ కార్డును పారేస్తాడనుకున్నాను. మేకు కొట్టి గోడకు వేలాడదీశాడు. వచ్చినవాళ్ళందరికీ చూపించి, "అశ్రద్ధ చేస్తే ఇదీ గతి. పరాయివాళ్ళు కాదు, మా కోడలే" అని చెబుతాడు. ఆ చెంప పగలగొట్టాలని నాకెన్నిసార్లు అనిపించిందో. మధ్యాహ్నం ఆయనకు క్యారియర్ తెచ్చేది ఆ పిల్లే.

నిన్న ఒక పెద్దావిడ లాప్‌టాప్ బాగు చేయించుకుందామని వచ్చి, క్యారియర్‌తో నిలబడ్డ ఆమెను ఎగాదిగా చూసింది.

"ఆ కార్డు కాల్చింది నువ్వేనా అమ్మా?"

సర్జన్ చేస్తున్న పని ఆపి తలెత్తాడు. ఆమె గిన్నెలు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టింది.

"అవునండీ, నేనే కాల్చాను. మామయ్యగారు పాపం చాలా ప్రయత్నించారు" అంది.